ఇరవైనాలుగు బోల్టులూ ఒకే తప్పూ

"ఇరవైనాలుగుకి ఇరవైనాలుగూ వదులే. విప్పి మళ్ళీ బిగించండి," అంది కొలతలమ్మాయి కాగితంలోంచి తలెత్తకుండా.

మేస్త్రి రెంచి కింద పెట్టాడు. పెట్టాడనడం కన్నా పడేశాడనడమే సబబు. షెడ్డులో పనివాళ్ళంతా ఇటు తిరిగారు.

"రెండు రోజులు నడుం పడిపోయేలా బిగించాం ఇన్‌స్పెక్టరుగారూ. ఆ డబ్బా ఏదో వాగిందని విప్పాలా?"

"డబ్బా కాదు. అల్ట్రాసోనిక్ మీటరు."

"పేరు పొడుగ్గా ఉంటే నిజం చెబుతుందా?"

కంప్రెసరు మూతకి ఆ బోల్టులే ఆధారం. బిగించిన బోల్టు వెంట్రుకవాసి సాగుతుంది. తలమీద జెల్ రాసి, మీటరు తీగ చివరి ప్రోబు ఆనిస్తే శబ్దం లోపలికి వెళ్ళి, అడుగు తాకి తిరిగొస్తుంది. అది తిరిగొచ్చిన వ్యవధిని బట్టి మీటరు పొడుగు చెబుతుంది. బిగించకముందు కొలిచినదాని కన్నా చాలినంత సాగలేదంటే బిగింపు చాలనట్టే. ఈ కాగితం మధ్యాహ్నానికి మేనేజరు బల్ల చేరితే మేస్త్రి తన ఉద్యోగానికి నీళ్ళొదులుకోవలసిందే. కిందటి నెల ఒకతన్ని అలాగే ఇంటికి పంపారు.

ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఈ మనిషి కాక ఇంకెవరైనా బిగించి ఉంటే బావుండేదనుకుంది. అలా అనుకున్నందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

"ఇటివ్వండి." మేస్త్రి కాగితం లాక్కున్నంత పని చేశాడు. అంకెల మీద వేలు నడిపించాడు. "తొమ్మిది మైక్రాన్లు తక్కువ, తొమ్మిది తక్కువ, ఇదీ తొమ్మిదే. నా చెయ్యి తప్పితే ఒకటి తగ్గుతుంది, ఒకటి పెరుగుతుంది. అన్నీ ఒకే లెక్కన తగ్గేలా తప్పు చెయ్యాలంటే నాకన్నా గొప్ప మేస్త్రి కావాలి."

ఆమె పెట్టెలోంచి పరీక్ష దిమ్మ తీసింది. పొడుగెంతో పక్కనే చెక్కి ఉన్న ఉక్కు ముక్క అది. రోజూ పని మొదలెట్టే ముందు ప్రోబును దానిమీద ఆనించి సున్నా సరిచూసుకోవాలి. ఇవాళ చూసుకోలేదు. నిన్న గేటు దగ్గర ఈ మనిషి పదిమందిలో "ఈవిడ బోల్టులతో తప్ప మనుషులతో మాట్లాడదు" అన్నాడు. ఆ కోపంతోనే వచ్చి, ఆ కోపంతోనే కొలిచింది.

ప్రోబును దిమ్మ మీద పెట్టింది. తొమ్మిది తక్కువ.

ప్రోబు తిప్పి చూసింది. తన ప్రోబు తీగకి నల్లటేపు ఉండాలి. ఇది కొత్తది, నిగనిగలాడుతోంది.

"నా మీటరు ఎవరు ముట్టుకున్నారు?"

ఇంతసేపూ గుక్క తిప్పుకోకుండా అరిచిన మేస్త్రి కాగితం ఆమెకి తిరిగిచ్చేసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"మీరేనా?"

"స్టోరులో పోట్లాడి తెచ్చాను," అన్నాడు బూట్లు చూసుకుంటూ. "ఆ పాత తీగ మీ వేలికి గుచ్చుకుంటోంది. మూడుసార్లు రక్తం చూశాను. మీరేమో టేపు మీద టేపు చుడతారు. అందుకే నిన్న మీరు వెళ్ళాక..."

"ప్రోబు మారిస్తే సున్నా మళ్ళీ పెట్టాలని తెలీదా?"

"నాకేం తెలుసు? నేను రెంచి మనిషిని."

"తెలీనప్పుడు అడగాలి."

"అడిగితే కసురుతారుగా."

"కసురుతాను. కసిరి చెబుతాను. నీ ఉద్యోగం పోయేది, తెలుస్తోందా నీకు? నా చేత్తో నేనే సంతకం పెట్టి..." ముఖం పక్కకి తిప్పేసుకుంది.

పనివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు, ఏదో పనున్నట్టు బయటికి నడిచారు.

ఆమె దిమ్మ మీద సున్నా సరిచేసి ఇరవైనాలుగూ మళ్ళీ కొలిచింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి. పాత కాగితం కొట్టేసి, 'సున్నా చూడకుండా కొలిచాను, తప్పు నాది' అని రాసింది.

"ప్రోబు నేను మార్చానని కూడా రాయండి."

"రెండో వాక్యం అదే."

ఫోను మోగింది. భోజనం వేళకి రోజూ వాళ్ళమ్మ చేస్తుంది. ఆవిడ గొంతు షెడ్డు చివరిదాకా వినిపించేరకం. "ఏమే, ఇవాళ ఆ మేస్త్రిని ఏమని తిట్టావు? మూడు నెలలుగా ఇంట్లో అతని ఊసు తప్ప ఇంకో మాట లేదు. ఆదివారం భోజనానికి రమ్మను. మీ నాన్నా నేనూ కూడా ఓసారి చూసి తిడతాం."

ఆమె ఫోను పెట్టేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"విన్నావుగా?"

"విన్నాను. తప్పకుండా వస్తాను."

"పాత ప్రోబు ఏదీ?"

అతను చొక్కా జేబులోంచి తీశాడు. జేబురుమాల్లో చుట్టి ఉంది.

"స్టోరుకి ఇవ్వాల్సింది జేబులో ఎందుకు పెట్టుకున్నావు?"

మేస్త్రి వంగి రెంచి ఈసారి నెమ్మదిగా ఎత్తాడు.

"ఆదివారం ఒంటిగంటకల్లా రా. ఇంకోసారి చెప్పకుండా నా వస్తువు ముట్టుకుంటే చేతులు విరిచేస్తాను," అని ఆమె కొత్త ప్రోబు పట్టుకుని విసవిసా నడిచింది. గుమ్మం దగ్గర ఆగి వేళ్ళు చూసుకుంది. ఏదీ గుచ్చుకోలేదు.