లైట్‌హౌస్‌కి దొంగ దారి

సీక్రెట్ సర్వీసు మెసేజీలు నడిపే లైన్ ఇంజనీర్ని కుర్చీలోనే కాల్చేశారు. సైలెన్సర్ పిస్టల్. పక్క గదిలో వాళ్ళకి కూడా వినబడలేదు. ప్రాణం పోయేముందు అతను ఫోన్లో ఒక్క మాట చెప్పగలిగాడు: "లైట్‌హౌస్‌కి మన మెసేజీలు వెళ్ళడం లేదు."

గంట తిరక్కముందే ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంట్ డేగ ఆ గదిలో ఉన్నాడు. చెవిలో ఇయర్‌పీస్. అందులో చీఫ్.

"లైట్‌హౌస్‌లో సైంటిస్టుని దాచాం. కాపలా మీ అక్క. సాయంత్రం మన పడవ వస్తుంది. కోడ్‌వర్డ్ చెప్పినవాళ్ళకి ఆయన్ని అప్పగించాలి. ఆ కోడ్‌వర్డ్ శత్రువుల చేతికి చిక్కింది. మన పెట్రోల్ బోటు బయల్దేరింది గానీ ఎప్పటికి చేరుతుందో!"

"అక్కకి చెప్పలేదా సార్?"

"అక్కడ ఫోను లేదు. పొద్దుట్నుంచీ ఈ లైన్ మీదే చెబుతూనే ఉన్నాం. 'అందింది' అని జవాబు కూడా వస్తోంది."

"ఎవరి దగ్గర్నుంచి?"

"అది తేల్చడానికే నిన్ను పంపింది!"

డేగ పెన్ను మూత తిప్పి, లోపలున్న సన్నటి కేబుల్ లాగి, మెసేజీలకి దారి చూపే రూటర్‌కి తగిలించాడు. పాత రూటర్. ఫ్యాన్ ఆయాసపడుతోంది. తెర మీద రూటింగ్ టేబుల్ తెరిచాడు, ఏ మెసేజ్ ఎటు వెళ్ళాలో రాసుకున్న పట్టిక. మధ్యలో మూడు రూటర్లు దాటాల్సిన లైట్‌హౌస్ పక్కనే ఉందట! రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ఆ పాత ప్రోటోకాల్‌ది పసిపిల్ల మనసు. పొరుగు రూటర్ ఏదైనా 'నా మీదుగా వెళ్తే దగ్గర' అంటే చాలు, నమ్మేస్తుంది. పాస్‌వర్డ్ కూడా అడగదు.

సీలింగ్ పలక ఎత్తి చూస్తే దొంగ రూటర్ దొరికింది. పీకేశాడు.

టేబుల్ మారలేదు.

"మారదు బావగారూ!"

గుమ్మంలో ఇద్దరు గార్డులు పట్టి తెచ్చిన ఆమె. ఊదారంగు సిల్కు స్కార్ఫ్, చేతులకి బేడీలు. నిన్నటిదాకా మన మనిషే, డేగని వేళాకోళానికి 'బావగారూ' అనేది. ఆడిటర్‌నంటూ వచ్చి లిఫ్ట్ దగ్గర పట్టుబడిన డబుల్ ఏజెంట్.

"దారి తెగితే మీ రూటర్ అలుగుతుంది. హోల్డ్‌డౌన్ అంటారు. టైమర్ అయ్యేదాకా మంచిమాట చెప్పినా వినదు. ఈలోగా మా పడవ చేరిపోతుంది."

"రీస్టార్ట్ చేస్తాను."

"చెయ్యండి మరి! మీవాళ్ళు దాని కాన్ఫిగరేషన్, ఆ సెట్టింగులన్నీ, ఎప్పుడైనా సేవ్ చేశారా? ఆపితే అన్నీ మర్చిపోయి లేస్తుంది."

చూశాడు. నిజమే. సేవ్ చేసిన పాపాన పోలేదు ఎవరూ.

ఇక మిగిలింది ఒక్కటే. పొరుగువాళ్ళ మాటతో పని లేకుండా దారిని చేత్తో రాసిపెట్టడం. స్టాటిక్ రూట్ టైప్ చేశాడు. ఈసారి టేబుల్ మారింది.

ఆమె చప్పట్లు కొట్టింది. బేడీలు గలగలమన్నాయి.

"భేష్! వెళ్ళడానికి దారి వేశారు. మరి రావడానికో? లైట్‌హౌస్ పక్కన కూడా మా రూటర్ ఉంది. మీ అక్కగారు 'సరే తమ్ముడూ' అన్నారా, అది మా చేతికే వస్తుంది. ఆ తర్వాత మీ పేరుతో 'తలుపు తీసెయ్ అక్కా' అని మేమే పంపుతాం."

డేగ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. జవాబివ్వకుండా అక్క ఊరుకునే మనిషా? రైలు కదిలాక కూడా కిటికీ వెంట నడుస్తూ మాట్లాడే మనిషి. ఆమె బతకాలంటే, ఇద్దరి మధ్యా మిగిలిన ఒక్క దారినీ తన చేత్తోనే మూసెయ్యాలి.

టైప్ చేశాడు:

"గయ్యాళక్కా, కోడ్‌వర్డ్ చెప్పినా తలుపు తీయకు. దీనికి జవాబు ఇవ్వకు. ఇకమీదట నా పేరుతో ఏం వచ్చినా నమ్మకు."

ఆ పిలుపు ఏ కోడ్‌లోనూ లేదు. చిన్నప్పుడు జడ లాగి తిట్టిన తిట్టు.

ఎంటర్ నొక్కాడు. కర్సర్ మిణుకుమిణుకుమంటూనే ఉంది. అందిందో లేదో చెప్పే దిక్కు లేదు.

"ఇప్పుడేం చేస్తారు బావగారూ?"

"ఏముంది చెయ్యడానికి?"

ఎంతసేపైందో. ఇయర్‌పీస్ గరగరమంది.

"డేగా! మన పెట్రోల్ బోటు చేరింది. వెధవలు కోడ్‌వర్డ్ అరిచి అరిచి, విసుగెత్తి తలుపుకి బాంబు పెట్టారు. ఫ్యూజు అంటించబోతుంటే పట్టుకున్నాం!"

"అక్క?"

"తెలీదయ్యా. లోపల గడియ వేసి ఉంది. మనవాళ్ళు గొంతు చించుకుంటున్నా ఉలుకూ పలుకూ లేదు. తీయమని నువ్వొక మెసేజ్ కొట్టు."

"నా పేరుతో ఏం వచ్చినా నమ్మొద్దన్నానండీ." "గడియ వేసి ఉందంటే నా మాట అందినట్టే కదా సార్?"

"అది నువ్వే చెప్పాలి!"

డేగ కేబుల్ ఊడదీసి పెన్నులోకి తోశాడు. "అందే ఉంటుంది లెండి. పుట్టి బుద్ధెరిగాక మా అక్క నా మాట వినడం ఇదే మొదటిసారి. ఇంక ఆ తలుపు తీయించడం ఏ ప్రభుత్వం వల్లా కాదు."