అనసూయ దళం

"పిల్లీ!" అని లింబాద్రి గొంతు చించుకుని అరిచాడు.

"నిన్నెవలన్న తట్టిండ్రా?" అనసూయ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"లేదు."

"మరెందుకు ఒర్రినవ్?"

"నువ్వు నాదిక్కు చూసినవ్ గద!"

గ్రౌండులో వరసలు కట్టి నిలబడ్డవాళ్లంతా గొల్లుమన్నారు.

జగిత్యాలలో వాళ్ల డిగ్రీ కాలేజీకి సైన్సు ఎగ్జిబిషన్ దగ్గరపడింది. సిరిసిల్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ జువాలజీ చదివే అనసూయ, మెదడు పనితీరును మనుషులతోనే చూపిస్తానని పట్టుబట్టింది. ఒక మనిషి తక్కువైతే, కోరుట్ల బస్సుకు పోతున్న బీకాం లింబాద్రిని ఆపి వెనక వరసలో నిలబెట్టింది.

"మల్ల చెప్తున్న, విను. ముందటోళ్లు బొమ్మల ఒక్కొక్క ముక్కనే చూస్తరు. ఒకలకు చెవి, ఒకలకు మీసం, ఒకలకు తోక. ముగ్గురు తట్టితెనే నువ్వు ఒర్రాలె. ఒక్కలు తట్టితె ఊకుండాలె. న్యూరాన్లు గట్లనే కలిసి పనిచేస్తయి."

"మరి పిల్లిని చూసిందెవలు?"

"ఎవలొక్కలు గాదు. అందరు కలిసి చూసిండ్రు."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్లు మెరిశాయి. లింబాద్రి మళ్లీ అరవబోయి నోరు మూసుకున్నాడు.

అంతలో గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. నలుగురు ఒకచోట కూడితేనే నక్సలైట్లని అనుమానించే రోజులవి. ఇక్కడ ఇంతమంది, వరసల్లో, మాటల్లేకుండా భుజాలు తట్టుకుంటున్నారు!

"ఏ దళం?" అన్నాడు ఎస్సై.

"న్యూరాన్ల దళం సార్," అన్నాడు లింబాద్రి తొందరపడి.

"కమాండర్ ఎవరు?"

అనసూయ ముఖం పాలిపోయింది. ఆ రోజుల్లో స్టేషనుకు వెళ్లినవాళ్లంతా తిరిగి ఇంటికి రాలేదు. అయినా లింబాద్రి ముందుకొచ్చి, "నేనే సార్," అన్నాడు.

"కాదు సార్! దీనికి కమాండరే ఉండడు!" అంది అనసూయ.

"కమాండర్ లేకుండా పనెలా జరుగుతుంది?"

"గదే సార్ మెదడు గొప్పతనం!"

ఎస్సైకి నమ్మకం కలగలేదు. ఇద్దరినీ జీపెక్కించాడు.

స్టేషన్లో, "ఏదీ, మా వాళ్లతో చేసి చూపించు," అన్నాడు. అనసూయ ముగ్గురు కానిస్టేబుళ్లకు తొండం, చాటచెవి, లావుకాలు పంచిపెట్టింది. ఎవరిది వాళ్లకు కనిపిస్తే హెడ్డు నర్సయ్యను తట్టాలి. మూడూ పడితే ఆయన "ఏనుగు" అనాలి.

ఎస్సై స్వయంగా ఏనుగు బొమ్మ గీసి పట్టుకున్నాడు. రెండు తట్లు పడ్డాయి. నర్సయ్య ఉలకలేదు, పలకలేదు.

"ఇది ఏనుగే కదయ్యా!"

తొండం కానిస్టేబుల్ నీళ్లు నమిలాడు. "తొండం కనవడ్తలేదు సార్. తాడులెక్కున్నది."

ఎస్సై బొమ్మను తనవైపు తిప్పి చూసుకున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు. "ఇక పొండి. రేపటినుంచి గది తలుపేసుకుని ఆడుకోండి."

బయటి మెట్ల మీద అనసూయ మెల్లగా అడిగింది. "కమాండర్ నేనే అన్నవ్. పానం మీద తీపి లేదా?"

"ఉన్నది. నీ ముఖం చూసినంక యాదికి రాలె."

ఆమె జవాబిచ్చేలోపే వాళ్ల నాన్న కిష్టయ్య రొప్పుకుంటూ వచ్చాడు. బిడ్డను ఇంటికి తీసుకుపోదామని సిరిసిల్ల నుంచి వస్తే, కాలేజీలో ఈ సంగతి చెప్పారట. జరిగినదంతా విని, లింబాద్రిని కిందినుంచి మీదికి చూశాడు.

"ఎవలింటోనివి కొడుకా?"

"కోరుట్ల మగ్గాల నారాయణ కొడుకును."

"నేసుడు అస్తదా?"

"పోగు తెగితె అతుకుడు అస్తది."

కిష్టయ్య మీసాల్లోనే నవ్వాడు. "బిడ్డ పరీక్షలైనంక మీ అయ్యను ఓపారి సిరిసిల్లకు రమ్మను."

"బాపూ! నన్నడుగవా?"

"అడుగుతున్న గద. ఏమంటవు బిడ్డా?"

అనసూయ ఓణీ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది.

"పరీక్షలయ్యేదాంక ఆగుడెందుకు?" అంది.