టేపు అవతలి కొస

సెలవంటే నడుం వాల్చడం అనుకుంది టైలరమ్మ. ఆమె మొగుడు డ్రైవరు లెక్కలో సెలవంటే గాలం. ఏడాది పొడుగునా బస్సు తోలీ తోలీ, దొరికిన నాలుగు రోజులూ నోరు మూసుకుని నీళ్ళవైపు చూస్తూ కూర్చోవాలని ఆయన కోరిక. పైగా అత్తగారు వంత పాడింది. "పిల్లకి కాస్త గాలి తగలనీ, పొద్దస్తమానం ఆ మిషను చప్పుడేనా" అని. ఇక చెప్పేదేముంది, మూటాముల్లె సర్దుకుని నలుగురూ చెరువు ఒడ్డున ఓ అద్దె ఇంటికి చేరారు.

ఇల్లు పరవాలేదు. కిటికీ తలుపులు సరిగ్గా పడవు, గదుల నిండా నానిన చెక్క వాసన, అంతే. ఇంటి ముందు నుంచి చెరువులోకి పొడుగ్గా ఓ చెక్క వంతెన ఉంది. దాని చివర కూర్చుని గాలం వెయ్యాలి. టైలరమ్మకి నీళ్ళంటే చచ్చేంత భయం, ఆ చెక్కల మీద కాలు పెట్టనంది. చిన్నది మాత్రం తండ్రి ఎక్కడుంటే అక్కడే.

అందుకని ఆమె కుట్టుపెట్టె తెరిచి, సంచులకి పిడులు కుట్టే నైలాన్ టేపు చుట్ట తీసింది. ముడి అంటే ఆమెకి గురి లేదు. తడిస్తే జారుతుంది, పిల్లలు విప్పేసుకుంటారు. టేపు ఒక కొసని చిన్నదాని గౌను నడుం పట్టీకి, వెనకవైపు, మైనం పట్టించిన దారంతో గట్టిగా కుట్టేసింది. రెండో కొస, చలికని తను వేసుకున్న కోటు కుడిచేతి అంచుకి. తన వైపు మామూలు దారం చాలనుకుంది.

"నేను ఒక్కసారి లాగితే నువ్వు రెండుసార్లు లాగాలి. ఉన్నానమ్మా అని చెప్పినట్టు. సరేనా?"

చిన్నది కిలకిలా నవ్వి తలాడించింది. అత్తగారికి మాత్రం ఒళ్ళు మండింది.

"పిల్లనుకున్నావా, దూడనుకున్నావా? నా కంటపడిందా, కత్తెర పెట్టి తెంపేస్తా."

"చెయ్యి వేసి చూడండి," అంది టైలరమ్మ పళ్ళు బిగబట్టి. డ్రైవరు ఏమీ విననట్టు గాలానికి ఎర గుచ్చుకుంటున్నాడు. ఆ ఇంట్లో ఆయన పని ఎప్పుడూ అదే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు లోపల పడుకుంది. తండ్రీ కూతుళ్ళు వంతెన చివరికి వెళ్ళారు. టైలరమ్మ ఒడ్డున మడత కుర్చీ వేసుకుంది. ఎండ హాయిగా ఉంది. కాసేపటికి డ్రైవరు ఒక్కడే వెనక్కొచ్చాడు.

"ఎర అయిపోయింది. ఇంట్లో ఇంకో డబ్బా ఉంది, తెస్తా."

"దాన్ని ఒక్కదాన్నీ వదిలేసి వచ్చారా?"

"నువ్వు కుట్టేశావుగా, ఇంకెక్కడికి పోతుంది?" అని ఎత్తిపొడిచి వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళగానే పొగమంచు దిగింది. పట్టపగలు పొగమంచేమిటో ఆమెకి అర్థం కాలేదు. ముందు అవతలి ఒడ్డు పోయింది, తరవాత వంతెన కొస, కొసన కూర్చున్న పిల్ల. కప్పల అరుపు ఆగింది. నీళ్ళ మీంచి బురద వాసన కొట్టింది.

టేపు ఒకసారి లాగింది. అటునుంచి రెండుసార్లు లాగారు. ఊపిరి పీల్చుకుంది.

"వచ్చెయ్యవే, ఇక చాలు."

మళ్ళీ లాగింది. ఈసారి టేపు బిగిసింది... వంతెన వైపు కాదు. పక్కకి, నీళ్ళలోకి. ఆమె చెయ్యి ముందుకి సాగిపోయింది. కుర్చీ పడిపోయింది. మోకాళ్ళ మీద పడి, తడి మట్టిలో జారుతూ, రెండు చేతులా టేపు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. బరువు... చాలా బరువు.

"అమ్మా."

గొంతు వెనకనుంచి వచ్చింది.

తిరిగి చూసింది. మంచులో, నాలుగడుగుల దూరంలో చిన్నది నిలబడి ఉంది. గౌను మీద ఒక్క తడి చుక్క లేదు.

"నువ్వు... ఇక్కడికెప్పుడొచ్చావే?"

"నాన్నమ్మ టేపు కత్తిరించేసింది," అంది చిన్నది గుసగుసగా. "నన్ను ఇంటికి తీసుకుపోయింది."

టైలరమ్మకి ఒళ్ళంతా భగ్గుమంది. అన్నంత పనీ చేసిందన్నమాట ముసలిది. ఆ కోపంలో ఇంకేమీ ఆలోచించలేదు.

"మరి ఇటు లాగుతున్నదేమిటి?"

"ఏమో. చేపేమో. నిన్ను లోపలికి లాగేస్తుందమ్మా. తెంపెయ్యి."

నీళ్ళు అప్పటికే ఆమె మోచేతుల్ని తాకాయి. కోటు విప్పే వ్యవధి లేదు. చేతి అంచు నోటి దగ్గరికి తెచ్చుకుంది. అప్పుడు టేపు కదిలింది.

రెండుసార్లు. మెల్లగా.

ఆమె ఆగిపోయింది.

"తెంపమ్మా," అంది వెనక గొంతు. "నాకు భయమేస్తోంది."

కొరికింది. దారం పుటుక్కున తెగింది. టేపు నీళ్ళలోకి జారిపోయింది. బుడగలు కొన్ని లేచాయి, అంతే.

చిన్నదాన్ని ఎత్తుకుని పరుగున ఇంట్లోకి వచ్చి పడింది. గుమ్మంలో డ్రైవరు ఎర డబ్బాతో ఎదురయ్యాడు. "ఏంటి, అప్పుడే వచ్చేశారా?" అన్నాడు. ఆమె నేరుగా అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళి అరిచింది. "పిల్ల ప్రాణంతో ఆటలా మీకు? ఎందుకు కత్తిరించారు?"

అత్తగారు కళ్ళు నులుముకుంది. "ఏమిటే నీ గోల? నేను మంచం దిగితే ఒట్టు. అయినా కత్తెర నీ పెట్టెలోనే కదా ఉండేది."

పెట్టె వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి టైలరమ్మ మెడలోనే ఉంది.

చిన్నదాన్ని కిందికి దింపి, వెనక్కి తిప్పి, నడుం పట్టీని కిటికీ వెలుగుకి పెట్టి చూసింది. తెగిన టేపు ముక్క లేదు. దారప్పోగు లేదు. ఊడదీసినా సూది కన్నాలు ఉండాలి. మైనం దారం దిగిన గుడ్డ అంత త్వరగా కలుసుకోదు, ఆ సంగతి ఆమెకంటే ఎవరికి తెలుసు? పట్టీ నున్నగా ఉంది. దాంట్లో సూదే దిగలేదు.

రెండుసార్లు మెల్లగా లాగిన ఆ చెయ్యి తన కూతురిదే! ఆమె తలుపు వైపు ఒక్క ఉదుటున తిరిగింది. చెరువులోకి దూకడానికైనా సిద్ధమే ఇప్పుడు.

ఆమె కుడి చెయ్యి రాలేదు.

"ఎక్కడికమ్మా?" అంది చిన్నది మెల్లగా.

కోటు చేతి అంచు ఆ గౌను నడుం పట్టీకి కుట్టి ఉంది. దగ్గర దగ్గరగా, మైనం పట్టించిన దారంతో. ప్రతి కుట్టూ అచ్చం తను వేసినట్టే ఉంది.