ఎనభై ఆరు ఊపిరి చీటీలు

"మా ఆయన నిక్షేపంగా ఉన్నాడని గవర్నమెంటు రాసిందండీ" అంది ఆవిడ. అని, కుర్చీలో కూచోకుండా గుమ్మం వైపు చూసింది, వెనకాలే ఎవరైనా వచ్చారేమోనని.

ప్రైవేటు డిటెక్టివ్ ముందున్న ఫైలు మూశాడు. పాతికేళ్ళు ఇన్సూరెన్సు సర్వేయరుగా తిరిగి, కాలిపోయిన గోడౌన్ల బూడిదలోంచి అబద్ధాలు ఏరినవాడు. ఆ ఉద్యోగం వదిలేసినా జనం సర్వేయరనే పిలుస్తారు. పక్క బల్ల దగ్గర టైపు కొడుతున్న అసిస్టెంటు నలభై దాటిన మనిషి. సర్వేయరు కనిపెట్టలేనిది లోకంలో లేదని ఆమెకు గట్టి నమ్మకం.

"నిక్షేపంగా ఉంటే మంచిదేగా?" అన్నాడు సర్వేయరు.

"నాలుగు మెట్లు ఎక్కలేడయ్యా. పడుకుంటే ఊపిరాడదు, గోడకానుకుని కూచునే నిద్రపోతాడు. ఇరవయ్యేళ్ళు క్వారీలో రాళ్ళు కోసిన మేస్త్రి. ఆ దుమ్మంతా ఆయన రొమ్ములోనే ఉంది."

సంగతి ఇది. రెండేళ్ళ కిందట సర్కారు గ్రాంటుతో ఒక డాక్టరు వాళ్ళ పేటలో పరిశోధన చేశాడు. ఎనభై ఆరుగురు క్వారీ పనివాళ్ళ చేత మిషన్లో ఊదించి ఊపిరి కొలిచాడు. అదే గ్రాంటుతో పేట సంఘం ఒక క్లినిక్ పెట్టింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు మేస్త్రి పనికి వెళ్ళాడు. ఇక చేతకాక మానేశాడు. ఇప్పుడు దుమ్ము జబ్బు పెన్షన్ అడిగితే క్వారీ యజమాని ఒక కాగితం చూపించాడు. గ్రాంటులు ఎవరికిచ్చారో, వాటితో ఏం చేశారో జనానికి తెలియాలని సర్కారు ఆఫీసు గోడకు అంటించిన బహిరంగ జాబితా అది. అందులో ఆ పరిశోధన ఫలితం ఒక్క ముక్కలో ఉంది: పరీక్షించినవారు ఎనభై ఆరుగురు, అందరి ఊపిరీ మామూలే. నా దగ్గర పనిచేస్తున్నప్పుడు బాగానే ఉన్నాడు, జబ్బు తర్వాత ఎక్కడ తెచ్చుకున్నాడో నాకేం తెలుసు అన్నాడు యజమాని.

"ఆ రోజు నేను పక్కనే ఉన్నానండీ. ఊదలేక కుర్చీ పట్టుకుని వంగిపోయాడు. ఊదడం అయ్యాక దగ్గు మందు కొన్నాం. ఇదిగో ఆ బిల్లు, తారీఖుతో సహా ఉంది." చెంగు ముడి విప్పి ఇచ్చింది.

టైపిస్టు బిల్లు అటూ ఇటూ తిప్పింది. ఒట్టి తెల్ల కాగితం. సర్వేయరుకు అందించింది. అతను చాలాసేపు చూసి జేబులో పెట్టుకున్నాడు.

"నిన్న ఆఫీసుకెళ్ళి ఆ రాత అబద్ధమని చెప్పి వచ్చాను. సాయంత్రానికి మా తలుపు కింద ఇది పడేశారు." ఇంకో కాగితం తీసింది. నోరు మూసుకో, నీ వల్ల క్లినిక్ మూతపడితే పేట మొత్తం నీ గుమ్మం ముందుంటుంది అని ఉంది, పెన్సిల్‌తో. వెనకవైపు సంఘం రసీదు అచ్చు.

"బెదిరించేవాడికి తెల్లకాగితం కూడా దొరకలేదా?" అన్నాడు సర్వేయరు. "జాబితా మీద అభ్యంతరం ఇవ్వడానికి గడువెప్పటిదాకా?"

"రేపు అయిదింటిదాకా. అది దాటితే రాసిందే ఖాయమట."

గంటలో సర్వేయరూ టైపిస్టూ గ్రాంటుల ఆఫీసులో ఉన్నారు. జాబితా ఉన్న గోడ కరెంటు మీటర్ల వెనక, చీపుర్లు పెట్టే మూల ఉంది. అందరికీ తెలియాలని పెట్టే కాగితాన్ని ఎవరికీ కనపడని చోట అంటించడంలో ఈ ఆఫీసులకు ఉన్న నేర్పు మరి దేనిలోనూ లేదు.

గుమాస్తా విసుక్కుంటూనే ఫైలు తెచ్చాడు. ఎనభై ఆరు చీటీలు, రెండేళ్ళ కిందటి తేదీలతో, వరసగా పిన్నులు గుచ్చి. ఒక్కో చీటీ మీద ఊపిరి గీత కొండ ఎక్కి దిగినట్టు ఉంది. అక్షరాలు కాటుకలా నల్లగా ఉన్నాయి.

"ఇవెప్పుడొచ్చాయి మీ దగ్గరికి?"

"పోయిన నెలాఖరుకి. కొత్త రూలండీ, మూడు నెలలైంది వచ్చి. మిషను కొట్టిన అసలు చీటీలు జతచెయ్యందే జాబితాకెక్కించం. చేత్తో రాసినవి చెల్లవు. జాబితాలో లేకపోతే పని చేసినట్టు ఒప్పుకోం, తర్వాతి గ్రాంటూ ఉండదు."

సర్వేయరు మేస్త్రి చీటీని కిటికీ అద్దానికి ఆనించాడు. గీత పైకి లేచి, నున్నగా దిగుతూ, సగం దారిలో ఒకచోట చిన్న సొట్టపడి మళ్ళీ దిగింది. దాని మీద ఇంకో చీటీ పెట్టాడు. మరొకటి పెట్టాడు.

"టైపమ్మా, ఇలా చూడు."

ఆమె వంగి చూసింది. "ఎక్కడమూ దిగడమూ తప్ప నాకేం తెలుస్తుంది సార్?"

"నాకూ ఇంకా తెలియదు. పద, ఊదే మిషను చూద్దాం."

క్లినిక్ ఒక పొడుగాటి గది, రెండు మంచాలు, ఒక మందుల బీరువా. డాక్టరు నీటుగా దువ్వుకున్న మనిషి. వాళ్ళను చూడగానే గడియారం చూసుకున్నాడు. సంఘం కార్యదర్శి గళ్ళ చొక్కాలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. నర్సు మాత్రం కదలకుండా మిషను పక్కన నిలబడింది.

"చీటీలు అసలువేనా డాక్టరుగారూ?"

"నా సంతకం ఉందిగా."

"సంతకం గురించి కాదు, చీటీల గురించి అడిగాను."

"అసలువే. ఇంకేమైనా ఉందా?"

సర్వేయరు కార్యదర్శి వైపు తిరిగాడు. "మీ సంఘం రసీదు బుక్కు వెనక మీరు పెన్సిల్‌తోనే రాస్తారా?"

కార్యదర్శి మొహం మాడిపోయింది. "భయపెట్టాలని కాదండీ... ఈ పేటకు ఉన్నది ఈ ఒక్క గది. ఇది పోతే పిల్లకు జ్వరమొస్తే ఎక్కడికి పోతాం? అబద్ధమో నిజమో నాకు తెలియదు, తలుపు మూతపడకూడదు, అంతే."

ఈలోగా టైపిస్టు మిషన్ను వింతగా చూస్తోంది. "ఇందులో ఎలా ఊదుతారమ్మా?"

నర్సు గొట్టం నోట పెట్టుకుని గట్టిగా ఊదింది. మిషను కిర్రుమని చీటీ కక్కింది.

"మెల్లగా నర్సమ్మా" అన్నాడు కార్యదర్శి. "పోయిన నెల్లో రెండు సార్లు తల తిరిగి పడ్డావు."

"రక్తం తక్కువ, అంతే" అన్నాడు డాక్టరు చప్పున.

టైపిస్టు ఆ చీటీ మడిచి సంచిలో వేసుకుంది. బయటికొచ్చాక సర్వేయరు చెయ్యి చాపాడు. "అదిలా ఇయ్యి. రేపు రెండింటికి అందర్నీ ఇక్కడికే రమ్మను. గుమాస్తాను కూడా."

మర్నాడు రెండింటికి అందరూ వచ్చారు. మేస్త్రి భార్య తలుపు దగ్గర నిలబడింది. ఆమె వెంట వచ్చిన పేట జనం కిటికీల బయట మూగారు.

సర్వేయరు ముందు మందుల బిల్లు బల్ల మీద పెట్టాడు. "ఇది రెండేళ్ళ కిందటిది. ఇలాంటి కాగితం మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. కాలం గడిస్తే అది తెల్లబడిపోతుంది. మీ ఊపిరి మిషనుదీ అదే కాగితం. మరి అదే వయసున్న ఎనభై ఆరు చీటీలు కాటుకలా ఎలా ఉన్నాయి? పోయిన నెలలో పుట్టాయి కనక. మిషన్లో తేదీ వెనక్కి తిప్పడం ఎంతసేపు?"

డాక్టరు నోరు తెరవబోయాడు. సర్వేయరు ఆగలేదు.

"రెండోది. ఎనభై ఆరు గీతల్లోనూ సగం దిగాక ఒకేచోట ఒకే సొట్ట. గొంతు ఒక్క క్షణం పట్టేసి వదిలినట్టు. ఎనభై ఆరుగురికి ఒకే గొంతు ఉండదు. ఒక్క మనిషే ఎనభై ఆరు సార్లు ఊదాలి. ఊదితే ఏమవుతుంది? తల తిరుగుతుంది. పడిపోతారు." నిన్న నర్సు ఊదిన చీటీ తీసి మేస్త్రి చీటీ మీద ఆనించాడు. సొట్ట మీద సొట్ట అతికినట్టు కూచుంది.

నర్సు బల్ల అంచు పట్టుకుంది. "నేనే ఊదాను" అంది.

"ఎవరు ఊదమన్నారు?"

ఆమె డాక్టరు వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

"నా పరిశోధన నిజం!" అన్నాడు డాక్టరు లేచి నిలబడి. "రెండేళ్ళ కిందట ఒక్కొక్కరిచేత మూడేసి సార్లు ఊదించాం. కొత్త రూలొచ్చాక పెట్టె తెరిస్తే అన్నీ తెల్లకాగితాలు. ఏం చెయ్యమంటారు? చెయ్యని పని చేశామనలేదే, చేసిన పనికే రుజువు పుట్టించాం!"

"చీటీలు చెరిగిపోయాయని ఒక్క వాక్యం రాయాల్సింది."

"రాస్తే జాబితాలోంచి కొట్టేస్తారు. వచ్చే గ్రాంటు ఉండదు. ఈ గది కూడా ఉండదు."

"అక్కడిదాకా అర్థమవుతుంది. ఊదింది ఆరోగ్యంగా ఉన్న మనిషి. ఎనభై ఆరు చీటీలూ ఆరోగ్యంగా వచ్చాయి. మీ పాత ఫలితం వేరే. అప్పుడు మీరేం చేశారు? మనుషులకు తగ్గట్టు కాగితం మార్చలేక, కాగితానికి తగ్గట్టు మనుషుల్ని మార్చారు. రోగుల్ని ఒక్క సంతకంతో బాగుచేసి పారేశారు. క్వారీ యజమాని మీకు ఒక్క టీ కూడా పొయ్యకుండానే ఆయన పని చేసిపెట్టారు."

డాక్టరు కూచున్నాడు. గుమాస్తా ఫైలు తాళ్ళు కడుతూ విప్పుతూ ఉన్నాడు, ఆ చేతులకు ఇంకేం పని దొరకనట్టు.

"పాత అంకెలు ఎక్కడైనా ఉన్నాయా అమ్మా?" సర్వేయరు నర్సునడిగాడు.

"నోటు పుస్తకంలో ఉన్నాయి. చీటీ వచ్చినప్పుడల్లా రాసుకునేదాన్ని, అలవాటు. చేత్తో రాసింది చెల్లదన్నారు. పారెయ్యమన్నారు. బీరువా అడుగున దాచాను."

"జాబితాకు చెల్లకపోవచ్చు. అభ్యంతరానికి చెల్లుతుందా గుమాస్తాగారూ?"

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "పని చేసినవాళ్ళు స్వయంగా సంతకం పెట్టి ఇస్తే... తీసుకోవాలి. విచారణ వెయ్యాలి. దాన్నీ గోడకు అంటించాలి."

"పెడితే నా ఉద్యోగం పోతుంది" అంది నర్సు. అయినా పుస్తకం తెచ్చి, నిలబడే అభ్యంతరం రాసి, సంతకం పెట్టింది. కార్యదర్శి అటువైపు తిరిగి గోడ చూస్తూ నిలబడ్డాడు.

టైపిస్టు కళ్ళు మెరిశాయి. "గెలిచాం సార్" అంది గుసగుసగా.

మేస్త్రి భార్య మెల్లగా దగ్గరకొచ్చింది. "మా ఆయనది చదువు చెల్లీ."

నర్సు పేజీ తిప్పింది. "ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదక్కా. అప్పటికే."

"సగం లేదు." ఆవిడ మొహంలో ఒక్క క్షణం ఊరట కనిపించింది. పెన్షన్ వస్తుంది. తర్వాత ఆ ఊరట కరిగిపోయింది. "అప్పటికే అంటే, ఆ రోజే మీకు తెలుసా?"

"తెలుసు."

"డాక్టరుగారికి?"

"తెలుసు."

"ఆ తర్వాత ఎనిమిది నెలలు క్యారేజీ కట్టి నేనే పంపించాను ఆయన్ని క్వారీకి. రోజూ. ఒక్కరన్నా వచ్చి చెప్పలేదేం?"

"ఫలితాలు నివేదికలో వస్తాయి, మనం చెప్పకూడదన్నారు" అంది నర్సు నేలకేసి చూస్తూ. సర్వేయరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇది అతను కనిపెట్టలేదు. ఇంతమంది మధ్య అడగాలని తోచింది ఆవిడ ఒక్కదానికే.

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు రెక్కలూ బార్లా తెరిచింది. బయట మూగిన మొహాలు లోపలికి వంగాయి.

"మిగతావాళ్ళవీ చదువు" అంది. "గట్టిగా."

నర్సు మొదటి పేరు చదివింది. దాని ఎదురుగా ఉన్న అంకె చదివింది. రెండో పేరు సగంలో ఉండగానే బయటినుంచి ఒక ఆడగొంతు, "ఆగమ్మా, అది మా అన్నయ్య. ఇప్పుడు క్వారీలోనే ఉన్నాడు" అంది. ఎవరో రోడ్డు మీద పరిగెత్తడం వినిపించింది.