టార్చ్ ఆరలేదు

తలుపు పిడి కదిలింది!

రచయిత్రి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

మళ్ళీ కదిలింది. ఈసారి మెల్లగా... గడియ వేసి ఉందా లేదా అని చూస్తున్నట్టుగా.

క్లినిక్ మూసేసి చాలాసేపయింది. డాక్టరుగారు ఎప్పుడో వెళ్ళిపోయారు. చీకటి పడ్డాక ఈ నాలుగో అంతస్తుకి ఎవరూ రారు. రావలసిన పనీ ఉండదు.

ఎదురుగా లాప్‌టాప్ తెర మీద ఆ ఒక్క మాట ఇంకా అలాగే ఉంది.

"టార్చ్ ఆరలేదు. కింద పడ్డాక కూడా చాలాసేపు వెలుగుతూనే ఉంది."

రాసిన పాఠకుడు చాట్‌లో పెట్టుకున్న పేరు... 'నిద్రపట్టదు'.

ఆమె కుర్చీలోంచి సగం లేచింది.

ఇందాకటి దాకా అంతా మామూలే. పగలు ఆమె ఈ పళ్ళ క్లినిక్‌లో రిసెప్షనిస్టు. ఇంట్లో ఉన్న ఒక్క బల్లనీ వదిన కుట్టుమిషను ఆక్రమించింది. అందుకని క్లినిక్ మూశాక ఈ కౌంటరే ఆమెకి రాతబల్ల. శుక్రవారం మాత్రం రాత ఉండదు. ఆన్‌లైన్‌లో పాఠకులతో కబుర్లు. ఈ శుక్రవారం మాత్రం కబుర్లయ్యాక ఆఖరి భాగం పెడతానని ముందే చెప్పింది.

"మేడమ్, రాసేటప్పుడు టీయా? కాఫీయా?"

"మంచినీళ్ళు. టీ ఒకసారి కీబోర్డు తాగేసింది."

"ముందు హంతకుణ్ణి అనుకుని రాస్తారా? రాస్తూ వెతుక్కుంటారా?"

"వెతుక్కుంటాను."

ఆ జవాబు ఎంత నిజమో వాళ్ళెవరికీ తెలీదు.

ఆమె రాస్తున్న సీరియల్లో ఒక లిఫ్టు మెకానిక్ లిఫ్టు గోతిలో పడి చచ్చిపోతాడు. తాగి పడ్డాడని లోకమంతా అంటుంది. మెకానిక్ చెల్లెలు ఒక్కతే నమ్మదు.

ఆ చెల్లెలు... ఆమే!

అన్న జన్మలో మందు ముట్టలేదు. సీసా మూత తీస్తే ఆ వాసనకే తలనొప్పి అంటూ లేచిపోయే మనిషి. అలాంటివాడి పేరు పక్కన 'తాగుబోతు' అన్న మాట చేరింది. చేరి కూర్చుంది. వదిన బజారుకెళ్తే వెనకనుంచి వినపడుతోంది.

పోయే ముందు రోజు అన్న, 'లిఫ్టు తాళ్ళు మార్చకుండానే మార్చామని చెప్పమంటున్నారు, చెప్పనన్నాను' అన్నాడు; ఎవరు చెప్పమన్నారో మాత్రం చెప్పలేదు. ఆమె అడగని మనిషి లేడు. వాచ్‌మన్‌ని అడిగింది. తోటి మెకానిక్కుల్ని అడిగింది. అందరూ తలలు దించుకున్నారు.

అప్పుడు ఒక సంగతి కనిపెట్టింది. మనుషులు అడిగితే చెప్పరు. తప్పు రాస్తే మాత్రం ఊరుకోలేరు!

అందుకే ప్రతి భాగంలోనూ కావాలని ఒక తప్పు వదులుతుంది. "అలా కాదు మేడమ్, ఆ తలుపు అలా తెరుచుకోదు" అంటూ ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. ఆ గోతిలో ఏముంటుందో, మనిషి ఎక్కడ నిలబడతాడో, అంతా అలాగే నేర్చుకుంది.

కానీ టార్చ్... ఆమె వదిలిన తప్పు కాదు.

నోట్లో టార్చ్ పెట్టుకుని లోపలికి వంగిన మనిషి అంత ఎత్తునుంచి పడితే, టార్చ్ పగిలి ఆరిపోతుందనే అనుకుంది. అలాగే రాసేసింది. పొద్దున్న అన్నని బయటికి తీసినవాళ్ళకి కూడా టార్చ్ ఆరిపోయే దొరికింది.

అంటే రాత్రంతా వెలిగి, బ్యాటరీ అయిపోయి ఆరిందన్నమాట!

అది వెలుగుతుండగా చూసినవాడు ఒక్కడే. పైన నిలబడి కిందికి చూసినవాడు!

"మీకెలా తెలుసు?" అని టైపు చేసింది.

జవాబు కోసం తెరకేసి వంగింది.

ఆ తర్వాతే... తలుపు పిడి కదిలింది.

ఫోను తలుపు పక్కన స్విచ్‌బోర్డు దగ్గర ఛార్జింగ్‌లో ఉంది. మసక అద్దం తలుపుకి ఇవతల. అవతల ఒక నీడ. ఫోను కోసం వెళ్తే ఆ నీడకి ఎదురెళ్ళినట్టే.

ఆమె గబగబా చాట్‌లో కొట్టింది. వీధి పేరు. బిల్డింగ్ పేరు. "నాలుగో అంతస్తు, పళ్ళ క్లినిక్. ఎవరో తలుపు తోస్తున్నారు. పోలీసులకి ఫోన్ చేయండి!"

జవాబులు వరదలా వచ్చాయి.

"వావ్! లైవ్ కథా!"

"మేడమ్, మీరు మామూలు మనిషి కాదు!"

"పళ్ళ క్లినిక్ ఏంటండీ, ఏ బంగళానో పెట్టొచ్చుగా!"

"విలన్‌కి పన్నునొప్పేమో!"

ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"చెల్లెమ్మా!"

బయటనుంచి గొంతు. తెలిసిన గొంతు!

"నేనే! లిఫ్టు చూడ్డానికొచ్చాను. లైటు కనిపిస్తే నువ్వున్నావేమోనని..."

అన్న పనిచేసిన కంపెనీ సూపర్‌వైజర్! అన్న పోయినప్పుడు వదిన ముందు కూర్చుని భోరుమన్న మనిషి. ఈ బిల్డింగ్ లిఫ్టు చూసేదీ ఆ కంపెనీయే.

ఆమె ప్రాణం లేచి వచ్చింది. ఒక్క ఉరుకులో తలుపు దగ్గరికి వెళ్ళింది. చెయ్యి గడియ మీద పడింది.

"తియ్యి చెల్లెమ్మా. ఆఖరి భాగం ఈ రాత్రే పెడుతున్నావట కదా, దాని గురించి కొంచెం మాట్లాడాలి."

చెయ్యి గడియ మీదే బిగుసుకుపోయింది.

ఆమె రాసేది కలం పేరుతో. రాస్తోందన్న సంగతి వదినకి కూడా తెలీదు!

"నీకెవరు చెప్పారు?"

అవతల చిన్న నవ్వు.

"మా సైట్‌లో కుర్రాళ్ళు భోజనాల దగ్గర గట్టిగా చదువుకుంటున్నారు. నేను రాగానే ఆపేస్తున్నారు! ఆ చెల్లెలి మాటలు రెండు విన్నాను. అంత పొగరు ఇంకెవరికుంటుంది?"

ధన్!

అద్దం పగిలింది!

గాజుముక్కల మధ్యనుంచి చెయ్యి లోపలికి వచ్చింది. చేతిలో పెద్ద స్పానర్. ఫోను నేల మీద పడి ఎక్కడికో జారిపోయింది.

ఆమె వెనక్కి దూకింది. కౌంటర్ మీదున్న లాప్‌టాప్ లాక్కుంది. లోపలి గదిలోకి పరుగు!

గడియ తీసిన చప్పుడు. బూట్ల కింద గాజు నలుగుతున్న చప్పుడు.

"ఎందుకు పరిగెడతావ్? చెల్లెమ్మా అనే కదా పిలుస్తున్నా!"

"అన్నని తోసేటప్పుడు ఏమని పిలిచావ్?"

బూట్లు ఆగాయి.

డాక్టరుగారి కుర్చీ వెనక ఆమె. కుర్చీకి అటువైపు అతను. అతను కుడికి కదిలితే ఆమె ఎడమకి. మధ్యలో పనిముట్ల ట్రే. ఆమె ట్రేని ఒక్క తాపు తన్నింది. సన్నటి కొక్కేలూ సూదులూ నేలంతా చెల్లాచెదురు!

"పంజా విసురుతున్నావే!"

అతను కుర్చీ మీదుగా వంగి ఆమె చున్నీ పట్టుకున్నాడు. ఆమె చేతికి డబ్బా ఒకటి తగిలింది. పంటి అచ్చులు తీసే పొడి. మూత ఊడదీసి మొహాన కొట్టింది!

"అబ్బా!"

తెల్లటి పొగలా పొడి. అతను కళ్ళు నులుముకుంటున్నాడు. ఆమె ఎక్స్-రే గదిలోకి దూరింది. తలుపు లాగింది. గడియ కోసం తడిమింది...

లోపల గడియ లేదు!

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. తెర ఇంకా బతికే ఉంది. చాట్ కూడా.

"మేడమ్, ఎక్కడికెళ్ళారు?"

"సస్పెన్స్ చంపేస్తోంది!"

తలుపు మీద తన్ను. వీపు అదిరింది. ఇంకో తన్ను. ఆమె తలుపుతో పాటు పక్కకి పడింది. అతని చెయ్యి వచ్చి జుట్టు పట్టుకుంది. ఈడ్చుకుంటూ తెచ్చి కౌంటర్ ముందు కుర్చీలో కూలేశాడు. లాప్‌టాప్ ఆమె ముందు పడేశాడు.

పొడి అంటుకుని అతని మొహం పిండిబొమ్మలా ఉంది. ఎర్రటి కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"రాయి."

"ఏం రాయాలి?"

"ముగింపు! అందరి ముందూ రాయి. మెకానిక్ తాగి ఉన్నాడు. కాలు జారింది. ఎవరూ తోయలేదు. అంతే! ఆ తర్వాత నీ దారి నీది, నా దారి నాది."

"రాయకపోతే?"

"కథలు రాసేవాళ్ళు ఏదో లోకంలో ఉంటారు కదా! లిఫ్టు తలుపు తెరిచి ఉందని కూడా చూసుకోరు. పాపం అంటారు. మీ వదిన ముందు కూర్చుని మళ్ళీ ఏడుస్తాను."

ఆమె వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది.

"పైన నిలబడి టార్చ్ వెలుగు చూస్తూ ఉన్నావు కదూ? అన్న ఇంకా కదులుతున్నాడేమోనని."

మొదటిసారి స్పానర్ కిందికి దిగింది.

"అది... అది నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? ఇందాక రాసింది నువ్వే కదా! నిద్రపట్టదు అని పేరు కూడా పెట్టుకున్నావు!"

"నేనా? నాకు నీ పిచ్చి కథల్లో దూరే తీరిక ఎక్కడిది?" స్పానర్ మళ్ళీ లేచింది. "మాటలు చాలు. రాయి!"

నాటకాలు అనుకుంది ఆమె.

వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి.

'మెకానిక్' అని కొట్టింది.

'తా'... అని కొట్టింది.

వేలు ఆగింది.

రాసేస్తే బతుకుతుంది. రేపు మామూలుగా వచ్చి ఈ కౌంటర్‌లో కూర్చుంటుంది. పన్నునొప్పి వాళ్ళకి టోకెన్లు ఇస్తుంది. కానీ ఇప్పటిదాకా ఆ మాట అన్నది ఊళ్ళోవాళ్ళు. ఇకమీదట అన్న పక్కన ఆ మాట ఉంచింది చెల్లెలు అవుతుంది.

"ఊఁ! కానీ!"

అతను మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. పొడి ఇంకా మండుతోంది. అక్షరాలు అతనికి అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి.

ఆమె కొట్టుకుంటూ పోయింది. ఆగకుండా. ఊపిరి తీసుకోకుండా.

"మెకానిక్ తాగలేదు. అతను మా అన్న. లిఫ్టు తాళ్ళు మార్చకుండానే మార్చామని చెప్పమన్నారు. చెప్పనన్నాడు. తోసేశారు. తోసింది వాళ్ళ సూపర్‌వైజర్. ఇప్పుడు చేతిలో స్పానర్‌తో నా వెనకే నిలబడ్డాడు. ఇది కథ కాదు."

ఎంటర్!

అతను వంగాడు. కళ్ళు చిట్లించి చదివాడు. మొహం నల్లబడింది.

అంతలో తెర నిండా చప్పట్ల బొమ్మలు!

"ఏం ట్విస్టండీ బాబూ!"

"రోమాలు నిక్కబొడుచుకున్నాయి!"

"ఇది కథ కాదు అన్న లైను... సూపర్!"

అతను విరగబడి నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు.

"చూశావా? అబద్ధాలు రాసి రాసి, నిజం చెప్పినా చప్పట్లు కొట్టించుకునే స్థితికొచ్చావ్! ఎవడొస్తాడు నీకోసం?"

"రాకపోనీ. నేను మాత్రం రాసేశాను."

"తీసెయ్!"

"తియ్యను."

"తీసెయ్ అంటున్నా!"

"నువ్వు అన్నని తోసెయ్యగలిగావు. నన్నూ తోసెయ్యగలవు. ఈ మాటని ఎక్కడికి తోస్తావ్? ఇన్ని వందల మంది చదివేశారు. నమ్మినా నమ్మకపోయినా... చదివేశారు!"

అతని ఎడమ చెయ్యి ఆమె మెడ చుట్టూ బిగుసుకుంది. కుడి చేతిలో స్పానర్ పైకి లేచింది.

ఆమె కళ్ళు మూసుకోలేదు. తెర వైపే చూస్తోంది.

టింగ్!

కొత్త సందేశం. పంపిన పేరు... నిద్రపట్టదు!

ఆమె ఆ పేరుని రెండుసార్లు చదివింది.

అతని ఒక చెయ్యి ఆమె మెడ మీద. రెండో చెయ్యి గాల్లో, స్పానర్‌తో.

మరి టైపు చేస్తున్నది ఎవరు?!

"ఇది కథ కాదని నాకు తెలుసు మేడమ్."

టింగ్!

"టార్చ్ సంగతి నిద్రలో కలవరించారు. ఒకసారి కాదు. రోజూ. అప్పటినుంచి నాకు నిద్ర లేదు."

స్పానర్ గాల్లోనే నిలిచిపోయింది. అతను తెరనే చూస్తున్నాడు.

టింగ్!

"ఆ రాత్రి ఇంట్లోనే పడుకున్నారని పోలీసులకి సాక్ష్యం చెప్పింది నేనే. అబద్ధం చెప్పాను."

మెడ మీద వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి.

చప్పట్ల బొమ్మలు ఆగిపోయాయి. అన్ని వందల మందిలో ఒక్కరూ ఒక్క అక్షరం కొట్టడం లేదు.

ఎక్కడో కింద, మెట్ల మీద... బూట్ల చప్పుడు. ఒకళ్ళవి కాదు. చాలామందివి!

టింగ్!

"ఏమండీ... స్పానర్ కింద పెట్టండి. పోలీసుల్ని తీసుకుని పైకి వస్తున్నాను."