నూనె పూసిన రెక్క

“కెరెన్ గారూ, ఈ రెక్కకి నూనె పూస్తున్నదెవరండీ?”

పిన్‌బాల్ మెషీన్ అద్దం తీసి లోపలికి వంగిన రోషన్, తల ఎత్తకుండానే అడిగాడు. టార్చి పట్టుకున్న కెరెన్ చేయి కదిలింది. వెలుగు అతని వేళ్ల మీంచి జారి గోడెక్కింది.

“నేను కాదు,” అంది. మరీ తొందరపడి అన్నానేమో అనిపించింది.

ఫరీదాబాద్‌లోని ఆ తెలుగు చర్చి హాలుకి ఈ పాత ఆట మెషీన్, మూతపడ్డ ఏదో క్లబ్బు నుంచి వచ్చింది. బంతిని పైకి కొట్టే రెండు రెక్కల్లో ఎడమది లేచిందంటే దిగేది కాదు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చి నోయిడా ఫ్యాక్టరీలో కరెంటు పనులు చూసే రోషన్, తాను బాగుచేస్తానన్నాడు. మయూర్ విహార్ నుంచి మెట్రోలో వచ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక పని మొదలుపెట్టేవాడు. సాయంత్రానికి రెక్క ఆడేది. మళ్లీ ఆదివారానికి మొరాయించేది. పాస్టరు జక్కయ్య గారికి ఓపిక అయిపోయింది. ఇవాళ కూడా కుదరకపోతే రేపు పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేస్తానన్నారు.

కెరెన్ భయం వేరు. బాగైనా, కబాడీకి పోయినా, ఇక ఆరాధన అయ్యాక అతనికి ఇక్కడ ఆగే పనుండదు. వారమంతా హాస్పిటల్ డ్యూటీలో పరుగులు పెట్టే ఆమెకి ఈ ఒక్క పూటే నెమ్మదిగా గడిచేది. బయట రేకుల మీద వాన. లోపల రంగు బల్బులు, అతను తాకినప్పుడల్లా నిద్ర లేచినట్టు ఒక్కొక్కటే వెలిగేవి. గోడకి ఆనించిన అద్దంలో ఆ వెలుగుల మధ్య ఇద్దరి ముఖాలూ తేలుతుండేవి.

అంతలో గొడుగు దులుపుకుంటూ కెరెన్ తల్లి రెబ్కా వచ్చింది. విషయం విని, సంచిలోంచి చిన్న నూనె సీసా తీసి చూపించింది.

“నేనే బాబూ. శనివారం హాలు తుడిచాక ప్రార్థన చేసి పూస్తాను. మనకి ఒంట్లో బాగోకపోతే పూసుకోమూ?”

రోషన్ నవ్వు ఆపుకుని, ఆ నూనెకి దుమ్ము పట్టి జిగురైపోతోందనీ, రెక్క దగ్గర పొడిగా ఉండాలనీ నెమ్మదిగా చెప్పాడు. రెబ్కా కాస్త నొచ్చుకుంది. సీసా సంచిలో పెట్టి, కుర్చీలు సర్దడానికి హాలు చివరికి వెళ్లింది.

అతను జిగురంతా తుడిచి, అద్దం బిగించి, బంతి వదిలాడు. రెక్క లేచింది, దిగింది. గంటలు మోగాయి. కెరెన్ మాత్రం అతని వైపు తిరిగింది.

“నూనె సంగతి మీకు ఇవాళే తెలిసిందా?”

“లేదండి. మొదటి వారమే వాసన తెలిసింది.”

“అచ్ఛా. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

రోషన్ చేతిలోని గుడ్డని అక్కర్లేనంత శ్రద్ధగా మడతపెట్టాడు.

“చెబితే బాగైపోతుంది కదండీ. ఇవాళ చెప్పకపోతే రేపు మెషీనే ఉండదు.”

వాన జోరందుకుంది. కెరెన్ టార్చి ఆర్పడం మర్చిపోయింది.

“బాగవకూడదని నేనూ ప్రార్థన చేశాను,” అంది చివరికి, నేల చూస్తూ.

“అటు ఆంటీ నూనె, ఇటు మీ ప్రార్థన. మధ్యలో నేనొక్కణ్ణి ఏం చేయగలనండీ?”

ఆమె నవ్వింది. హాలు చివర కుర్చీల చప్పుడు ఆగిపోయి చాలాసేపైందని ఇద్దరూ గమనించలేదు.

“బాబూ, వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రా,” అంది రెబ్కా, వెనక్కి తిరక్కుండానే.

“ఏం బాగుచేయాలి ఆంటీ?”

“ఏమీ వద్దు. మా ఇంట్లో అన్నీ పనిచేస్తున్నాయి. ఊరికే రా.”