చిప్‌లో రైలు, చెవిలో ఏమండీ

"ఇంకు అయిపోయిందని మామూలు చిప్ అబద్ధం చెబుతుందమ్మా. ఈ చిప్ దొంగతనం కూడా చేస్తుంది," అన్నారు చీఫ్ గున్నేశ్వరరావు గారు.

ఏజెంట్ తేజస్వి అరచేతిలో గోరంత చిప్ ఉంది. విదేశీ ముఠా ఒకటి ఇలాంటి చిప్‌లున్న చౌక ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లను ఆఫీసులకు అంటగడుతోంది. ప్రింటయిన ప్రతి పేజీనీ చిప్ దాచుకుంటుంది. ఇంకు నింపాక, నిండిందని చిప్‌కు చెప్పే రీసెట్టర్ అనే చిన్న పరికరాన్ని దాని మీద నొక్కితే చాలు, దాచిందంతా ముఠాకు చేరిపోతుంది. నిడదవోలు జంక్షన్ దాటబోయే ఆయుధాల రైలు వేళలు అలాంటి ఓ చిప్‌లో చిక్కాయి. ఆ కార్ట్రిడ్జ్ ఈ పూటే స్టేషన్ రోడ్డులో భీమరాజు రీఫిల్ షాపుకు వస్తోంది. అతన్ని ముందే పట్టుకుంటే పైవాళ్లు జారుకుంటారు.

తేజస్వి చిప్‌ల మీద ప్రయోగాలు చేసి చేసి డజను చిప్‌లు కాల్చేసింది. చివరికి కిటుకు దొరికింది. రీసెట్టర్ నొక్కగానే ఎర్ర లైటు వెలుగుతుంది. అది మిణుక్కుమన్న క్షణంలో ఎత్తి మళ్లీ నొక్కితే ఇంకు నిండినట్టే చూపిస్తుంది, పేజీలు మాత్రం చెరిగిపోతాయి. ఆ క్షణం దాటితే రైలు చేజారినట్టే.

కిటుకును సుప్రియకు నేర్పమన్నారు చీఫ్. సుప్రియ డబుల్ ఏజెంట్. నెమలికంఠం రంగు చీర, నవ్వితే బుగ్గన సొట్ట. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. షాపులో రీసెట్ ఆమే చేయాలన్నది ప్లాన్. ఆమె మొగుడి వేషం ఏజెంట్ పృథ్వీది.

పృథ్వీ అసలు మొగుడు తేజస్వికి. పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. పొద్దున్నే కాఫీ మీది నురగంతా ఆమె గ్లాసులోకే వంపే మనిషి.

షాపు బయట ఆగిన వ్యాన్‌లో, లోపలి మాటలు వినడానికి తేజస్వి ఇయర్‌ఫోన్ పెట్టుకుంది.

"ఏమండీ, కాస్త ఇటు జరగండి," అంది సుప్రియ గొంతు.

ఆ ఏమండీని సిగ్గుపడకుండా అనడం తేజస్వికి మొన్ననే వచ్చింది. ఈవిడకి ఎంత సులువుగా వచ్చేసిందో! పైగా పృథ్వీ నవ్వాడు. డ్యూటీ నవ్వు కాదది, ఇంట్లో నవ్వే నవ్వు.

ఇంతలో భీమరాజు గొంతు వినిపించింది. "మీరు కూర్చోండి మేడమ్. రీసెట్ నేనే చేస్తాను."

ప్లాన్ చెడింది. తేజస్వి వ్యాన్ దిగి షాపులోకి నడిచింది.

"కార్ట్రిడ్జ్ రీఫిల్ చేయించాలండి," అంటూనే పృథ్వీ భుజం మీదున్న సుప్రియ చేతిని చూసింది. భీమరాజు రీసెట్టర్ నొక్కబోతున్నాడు. తేజస్వి కార్ట్రిడ్జ్‌నూ రీసెట్టర్‌నూ లాగేసుకుంది.

"క్యాంపు అన్నారు. ఇదేనాండి మీ క్యాంపు?" అని పృథ్వీని నిలదీసింది. చేతులు వెనక్కి పెట్టుకుని రీసెట్టర్ నొక్కింది.

గుమ్మం దగ్గర జనం పోగయ్యారు. భీమరాజు తన సరుకు ఇచ్చేయమని బతిమాలుతున్నాడు. వెనక లైటు తేజస్వికి కనబడదు. ఓదార్చే నెపంతో వెనక్కొచ్చి భుజాలు పట్టుకున్న సుప్రియకే కనబడుతుంది. రైలంతా ఇప్పుడు ఆ మనిషి నోటి మాట మీద ఉంది. నమ్మాలంటే ఒళ్లు మండింది.

"తప్పయిపోయింది అక్కా," అంది సుప్రియ.

ఆ మాటనే సైగగా తీసుకుని తేజస్వి ఎత్తి, మళ్లీ నొక్కింది.

కార్ట్రిడ్జ్‌ను బల్ల మీదకు విసిరింది. ఇంకు నిండినట్టు చూపగానే భీమరాజు సంబరపడి, పని అయిపోయిందని పైవాళ్లకు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ వెంటే వెళ్లి రాజమండ్రి లాడ్జిలో ముఠా మొత్తాన్ని పట్టుకున్నారు. చిప్‌లో ఒక్క పేజీ కూడా మిగల్లేదు.

తిరుగు ప్రయాణంలో పృథ్వీ మెల్లగా అన్నాడు. "భలే నటించావు తేజూ. ఏది నటనో నాకే తెలియలేదు."

తేజస్వి కిటికీలోంచి చూపు తిప్పలేదు.

"కార్ట్రిడ్జ్ రీఫిల్ చేయించాలన్నాను చూడండి, అదొక్కటే."